దగదర్తి నుంచి విమానం ఎగిరితే ఖాళీ సీట్ల ఖర్చు ఎవరు భరించాలి?

పెన్నాతీరం (నెల్లూరు, మూలాపేట)

నెల్లూరు దగ్గర కట్టదలచిన దగదర్తి విమానాశ్రయం కథ ఈ వేదికలో అందరికీ తెలిసినదే. 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది, ఆ ఏడాదే ప్రభుత్వం మారింది, స్థలం రామాయపట్నం దాపున తెట్టుకు మారుతుందన్నారు, 2024లో మళ్ళీ ప్రభుత్వం మారాక దగదర్తి పేరే తిరిగి ముందుకు వచ్చింది. ఎవరి హయాంలో ఎంత జరిగిందన్న వాదన ఇక్కడ ఇప్పటికే మూడుసార్లు నడిచింది కనుక దాన్ని దయచేసి మళ్ళీ తీయవద్దు. నేను అడగదలచినది రన్‌వే పూర్తయిన తరువాతి సంగతి.

రన్‌వే ఉన్నంత మాత్రాన విమానం వచ్చి వాలదు. చిన్న ఊరికి రమ్మని పిలిచినప్పుడు ఏ విమాన సంస్థ అయినా ముందుగా అడిగేది, సీట్లు నిండకపోతే ఆ నష్టం ఎవరు పూడుస్తారన్నదే. మొన్న ఆదివారం ట్రంకురోడ్డులో ఒక మిత్రుడి బట్టల కొట్లో ఈ మాటే వచ్చింది. ఊళ్ళో వ్యాపారులు, వైద్యులు, రొయ్యల కంపెనీలవారు, అవసరమైతే నగరపాలక సంస్థ కూడా తలా కొంత వేసుకుని రెండేళ్ళకు పూచీ పడితే తప్పేమిటని ఒకాయన అన్నారు. కొట్టు యజమాని కొలబద్ద పక్కన పెట్టి, "నా ఇంటిపన్నుతో ఇంకొకరు హైదరాబాదుకు గంటలో పోవాలా?" అని అడిగారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నట్లే అనిపించింది. మీరేమంటారు?

ఉదయగిరి కొండ

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ముందు రన్‌వే వెయ్యనివ్వండి స్వామీ.

పెన్నాతీరం

రన్‌వే వేశాక అడిగితే బేరమాడే బలం మనకుండదని నా భయం. కట్టిన టెర్మినల్ ఖాళీగా కనబడుతుంటే ఏ షరతుకైనా తల ఊపేస్తాం.

రెక్కలపురుగు (విశ్రాంత ఉద్యోగి, ఇరవై రెండేళ్ళు విమానాశ్రయాల్లో గ్రౌండ్ హ్యాండ్లింగ్)

పెన్నాతీరం గారి ప్రశ్న సరైన సమయంలోనే వచ్చింది. అయితే పూచీ అన్న మాట కింద రెండు మూడు వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయి కనుక ముందు వాటిని విడదీసి చూద్దాం.

మొదటిది మనందరికీ తెలిసిన ఉడాన్, చిన్న ఊళ్ళకు విమానాలు నడిపించే కేంద్రప్రభుత్వ పథకం. 2016 అక్టోబరులో ఈ పథకాన్ని ప్రకటించారు, 2017 ఏప్రిల్ 27న తొలి విమానాలు ఎగిరాయి. ఆ రోజు సిమ్లా–ఢిల్లీతో పాటు మొదలైన వాటిలో మన కడప–హైదరాబాదు కూడా ఒకటి. ఈ పథకంలో ఒక మార్గానికి వేలం జరుగుతుంది. వీజీఎఫ్, అంటే ఆదాయానికీ ఖర్చుకూ మధ్య లోటును భర్తీ చేసే డబ్బు, తక్కువగా అడిగిన సంస్థకు మూడేళ్ళపాటు ఆ మార్గం దక్కుతుంది. మామూలు విమానంలో సగం సీట్లను, తొమ్మిదికి తగ్గకుండా నలభైకి మించకుండా, పరిమిత ధరకు అమ్మాలి. మొదట్లో గంట ప్రయాణానికి ఆ ధర 2,500 రూపాయలు. లోటు భర్తీలో 80 శాతం ప్రాంతీయ అనుసంధాన నిధి నుంచి వస్తుంది, 20 శాతం రాష్ట్రం పెట్టుకోవాలి. ఆ నిధి కూడా ప్రధాన మార్గాల్లో తిరిగే విమానాలపై వేసే లెవీతో నిండుతుంది. అంటే చెన్నై నుంచి ఢిల్లీ వెళ్ళే ప్రయాణికుడు తనకు తెలియకుండానే కడప సీటుకు కొంత కడుతున్నాడు. వీటితోపాటు రాష్ట్రం విమాన ఇంధనంపై వ్యాట్‌ను 1 శాతానికి మించకుండా ఉంచాలి, పోలీసు భద్రతను, అగ్నిమాపక సేవలను ఉచితంగా ఇవ్వాలి, నీళ్ళు, కరెంటు రాయితీ ధరకు ఇవ్వాలి.

రెండోది రాష్ట్రప్రభుత్వం నేరుగా ఒక సంస్థతో కుదుర్చుకునే ఒప్పందం. విజయవాడ–సింగపూరు విమానం ఇలాంటిదే. 2018 డిసెంబరు నుంచి ఇండిగో వారానికి రెండు రోజులు నడిపింది, మిగిలిపోయిన సీట్ల లోటును రాష్ట్రం భరించింది. ఆరు నెలల గడువు ముగిసింది, కొత్త ప్రభుత్వం కొనసాగించలేదు, 2019 వేసవితో విమానం ఆగిపోయింది. ఆ విమానంలో జనం బాగానే ఎక్కేవారని నా పాత సహోద్యోగులు చెప్పేవారు. అయినా సాయం ఆగిన నెలలోనే సేవ కూడా ఆగింది. ఇది గుర్తుపెట్టుకోండి.

మూడోది పెన్నాతీరం గారు చెబుతున్నది, ఊరే పూచీ పడడం. మన దేశంలో నగరపాలక సంస్థలు ఇలా చేసిన ఉదాహరణ నా అనుభవంలో తగలలేదు.

కావలి నుంచి కాన్సస్

మూడో రకం మా వైపు మామూలే కనుక నాకు తెలిసినది రాస్తాను. నేను పుట్టింది కావలిలో, పదకొండేళ్ళుగా ఉంటున్నది కాన్సస్ రాష్ట్రంలో.

అమెరికాలో 1978లో విమానయానంపై ప్రభుత్వ నియంత్రణ ఎత్తేసినప్పుడు, లాభం లేని చిన్న ఊళ్ళను సంస్థలు వదిలేస్తాయన్న భయంతో అదే చట్టంలో ఒక రక్షణ పెట్టారు. అప్పటికే విమానం ఉన్న చిన్న ఊళ్ళకు కనీస సేవ ఆగకుండా కేంద్రప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది. తాత్కాలికంగా అనుకున్నది నలభై ఏళ్ళు దాటినా నడుస్తూనే ఉంది. ఆ జాబితాలో లేని ఊళ్ళు, ఉన్నా ఇంకా మంచి సేవ కావాలనుకునే ఊళ్ళు చేసేది కనీస ఆదాయ పూచీ. ఊరు ఒక మొత్తాన్ని బ్యాంకులో విడిగా ఉంచుతుంది. ఆ మార్గంలో నెల ఆదాయం ముందే ఒప్పుకున్న గీతకు దిగువన ఉంటే ఆ తేడా మేరకు సంస్థ అందులోంచి తీసుకుంటుంది. సీట్లు నిండితే ఆ డబ్బు ముట్టుకోకుండా తిరిగి వస్తుంది. అయితే విమానాశ్రయం తన సొంత ఆదాయం నుంచి సంస్థకు నేరుగా సబ్సిడీ ఇవ్వడానికి అక్కడి నియమాలు ఒప్పుకోవు. కొత్త సేవకు కొంతకాలం ల్యాండింగ్ రుసుము మాఫీ చేయవచ్చు, ప్రచారానికి ఖర్చు పెట్టవచ్చు, అంతే. అందుకే పూచీ డబ్బును నగర మండలో, వాణిజ్య మండలో, ఊళ్ళోని పెద్ద కంపెనీలో సమకూర్చాలి.

మా పెద్ద ఊరు విచితా ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. అక్కడ టికెట్ల ధరలు మండిపోతున్నాయని 2002లో నగరం ఎయిర్‌ట్రాన్ అనే చౌక విమాన సంస్థను పూచీ ఇచ్చి పిలిచింది, తరువాత రాష్ట్రం కూడా చేయి కలిపింది. దాని వల్ల పోటీ పెరిగి తక్కిన సంస్థలూ ధర తగ్గించాయన్నది సమర్థించేవారి వాదన. ఆ ధర తగ్గింపుకు పన్ను కట్టేవాడే డబ్బు కట్టాడన్నది ఎదుటి వాదన. 2011లో ఎయిర్‌ట్రాన్‌ను సౌత్‌వెస్ట్ కొనేసింది, 2013 నుంచి విచితాకు సౌత్‌వెస్ట్ విమానాలే వస్తున్నాయి. ఒకే సంస్థను పట్టుకుని పదేళ్ళు మోయగలిగితే ఇలాంటి అదృష్టం కలగవచ్చునేమో. మన ఊరు పదేళ్ళు మోయగలదా అన్నది మీరే చెప్పాలి.

ఉదయగిరి కొండ

కాన్సస్ వారి పెద్దపూచీ మనకెందుకు? కడప సంగతి మన కళ్ళ ముందే ఉంది కదా.

రెక్కలపురుగు

కడప కథ నిజంగానే మనకు పాఠ్యపుస్తకం లాంటిది. 2015 జూన్‌లో విమానాశ్రయం తిరిగి తెరిచినప్పుడు బెంగళూరు నుంచి ఎయిర్ పెగాసస్ వచ్చింది. ఏడాది గడిచాక 2016 జులైలో ఆ సంస్థే మూతపడింది. తరువాత ఉడాన్ కింద ట్రూజెట్ వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఆ సంస్థ విమానాలూ ఆగాయి. ఆ పైన రాష్ట్రప్రభుత్వం లోటు భర్తీకి ఒప్పుకుంటే ఇండిగో వచ్చింది. ఈ మూడుసార్లలోనూ కడప రన్‌వేలో లోపమేమీ లేదు. మొదటి రెండుసార్లు ఊరికి తగిన చిన్న విమానాలు నడిపేవారు బలహీనులు, మూడోసారి వచ్చినవారు బలమైనవారు కనుక బేరం గట్టిగా ఆడారు.

దేశం మొత్తం మీద చూసినా ఇంతే. 2023లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం ఉడాన్ మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళ గడువు పూర్తిచేసినవి 112. గడువు ముగిసి సాయం ఆగిన తరువాత కూడా, 2023 మార్చి నాటికి, నిలబడినవి 54. ఈ లెక్క చూసి పథకం వృథా అనడం నా ఉద్దేశం కాదు, ఆ 54 మార్గాల్లోని ఊళ్ళను అడిగి చూడండి. కానీ పూచీ పత్రం మీద సంతకం పెట్టేవాళ్ళు 774 అంకెను చూసి పెట్టకూడదు, 54 అంకెను చూసి పెట్టాలి.

దామవరం రైతుబిడ్డ

ఇంత లెక్క రాశారు, పూచీ ఇప్పటికే పడినవాళ్ళ సంగతి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తాను.

ఈ విమానాశ్రయానికి పదమూడు వందల ఎకరాలకు పైగా కావాలన్నారు. అందులో మా నాన్నగారి పేరున ఉన్న ఎకరా ముప్పై సెంట్లు ఉంది. సర్వే రాళ్ళు పాతిన రోజున నేను ఇంటర్ చదువుతున్నాను, ఇప్పుడు నా కూతురు రెండో తరగతి. మధ్యలో ఆ రాళ్ళకు గేదెల్ని కట్టేసుకున్నాం. పరిహారం రెండు విడతలుగా వచ్చింది. రెండో విడత కోసం నాన్న ఒక కార్యాలయానికి ఎన్నిసార్లు తిరిగారంటే, చివరికి అక్కడి అటెండరు మా ఇంటి శుభకార్యానికి వచ్చేంత పరిచయమైపోయాడు. పొలం పోయిందన్న బాధ కంటే, పోయిన పొలంలో ఏమీ జరగకుండా తుమ్మచెట్లు మొలవడం చూడటం ఎక్కువ బాధ.

కనుక విమానాశ్రయం వద్దని నేను అనను, అనలేను కూడా. నా మాట ఒక్కటే. పూచీ డబ్బు పోగుచేసే ముందు, ఆ విమానాశ్రయంలో స్వీపరు నుంచి ట్రాలీ తోసేవాడి వరకు ఉద్యోగాలు ఎవరికి వస్తాయో కూడా ఆ కాగితంలోనే రాయించండి. సీట్లకు పూచీ అడిగే సంస్థ ఉద్యోగాలకు పూచీ ఇవ్వలేనంటే ఎలా?

పెన్నాతీరం

రైతుబిడ్డ గారూ, ఇది నాకు తట్టని విషయం. ఒప్పందంలో మొదటి షరతుగా ఉండదగినదే. ఒక్క సందేహం: గ్రౌండ్ స్టాఫ్ ఉద్యోగాలు విమాన సంస్థ చేతిలో ఉంటాయా, విమానాశ్రయం నడిపేవారి చేతిలో ఉంటాయా?

రెక్కలపురుగు

రెండింటి మధ్యా పంచుకుని ఉంటాయి. ట్రాలీలు, శుభ్రత, పార్కింగు విమానాశ్రయం కాంట్రాక్టర్లవి. చెకిన్, సామాను ఎక్కించడం, దించడం విమాన సంస్థవి, లేదా అది పెట్టుకున్న ఏజెన్సీవి. రోజుకు రెండు విమానాలు వచ్చే చోట మొత్తం కలిపినా ఎక్కువ మంది ఉండరు, ఆ ఆశ ముందే తగ్గించుకోవడం మంచిది.

మైపాడు అల (హేచరీ నిర్వాహకుడు)

రొయ్యల కోసం విమానాశ్రయం కావాలన్న మాట ప్రతి సభలోనూ వింటున్నాను. మా వృత్తిలో ఉన్నవాడిగా ఆ మాటను కొంచెం సరిదిద్దుతాను.

ఎగుమతి రొయ్య ఐసుగడ్డలా గడ్డకట్టి కంటైనర్‌లో ఓడ ఎక్కుతుంది, విమానంతో దానికి పని లేదు. విదేశాల నుంచి వచ్చే వెన్నామి తల్లిరొయ్యలు విమానంలోనే వస్తాయి, కానీ అవి చెన్నైలోనే దిగాలి, ఎందుకంటే వాటిని నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి పరీక్షించిన తరువాతే మాకు ఇస్తారు. నెల్లూరులో పది రన్‌వేలు వేసినా ఆ దారి మారదు. ఇక చెరువుల్లో పెంచడానికి వేసే రొయ్యపిల్ల ఒక్కటే మిగులుతుంది. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో, మధ్యలో ఐసుముక్కల పొట్లాలు పెట్టి, అట్టపెట్టెల్లో పిల్లను దూర రాష్ట్రాలకు పంపుతాం. సంచి మూతి కట్టిన క్షణం నుంచి గడియారం నడుస్తూనే ఉంటుంది. నీటి వేడి రెండు డిగ్రీలు పెరిగినా చెరువు గట్టున సంచి విప్పినప్పుడు అడుగున తెల్లటి పొర కనబడుతుంది, అది చచ్చిన పిల్ల. చెన్నై దాకా వ్యానులో పోయే నాలుగు గంటలు ఆదా అయితే మాకు నిజంగానే మేలు. అయితే డెబ్బై ఎనిమిది సీట్ల ఏటీఆర్ అనే చిన్న విమానం సామాను అరల్లో ప్రయాణికుల పెట్టెలు పోను ఎన్ని అట్టపెట్టెలు పడతాయి? పైగా ఆ విమానం మా గిరాకీ ఉన్న రాష్ట్రాలకు పోదు, హైదరాబాదుకు పోతుంది.

కనుక సరుకు పేరు చెప్పి మమ్మల్ని పూచీకి కూర్చోబెట్టవద్దు. మేము డబ్బు వేస్తే మా మనుషుల ప్రయాణాల కోసమే వేస్తాం. హైదరాబాదు, బెంగళూరు అయితే నా కంపెనీ తరఫున ఆలోచిస్తాను. చెన్నైకి విమానం వేస్తే ఒక్క రూపాయి కూడా ఇవ్వను.

చీమకుర్తి నల్లరాయి

మైపాడు అల గారి మాట మాకూ అలాగే సరిపోతుంది. గెలాక్సీ గ్రానైట్ దిమ్మె విమానంలో పోదు, దాన్ని కొనేవాడు పోతాడు. కొనుగోలుదారుడు ఫోటో చూసి కొనడు. క్వారీలోకి దిగి, రాయి మీద నీళ్ళు పోయించి, ఎండలో ఆ బంగారు చుక్కలు ఎంత ఒత్తుగా మెరుస్తున్నాయో వంగి చూసి, గీతలు ఉన్నాయేమోనని గోటితో రాసి అప్పుడు ధర మాట్లాడతాడు. వాళ్ళను చెన్నైలో దించుకుని మూడు వందల కిలోమీటర్లు కారులో తీసుకొస్తాం, లేదా గన్నవరం నుంచి తీసుకొస్తాం. దగదర్తి అయితే ఒంగోలుకు వంద కిలోమీటర్ల లోపే.

అయితే మేము ప్రకాశం వాళ్ళం. ఒంగోలుకే విమానాశ్రయం కావాలన్న కోరిక మా వైపు బలంగా ఉంది. దగదర్తికి మా వ్యాపారులు పూచీ పడితే రేపు ఒంగోలు అడిగినప్పుడు "మీకు దగదర్తి ఉంది కదా" అంటారేమోనని మా వాళ్ళు వెనుకాడతారు. ఈ చిక్కును నెల్లూరు వారు కూడా ఆలోచించాలి.

ఉదయగిరి కొండ

నవ్వకండి, నేను లెక్క వేశాను. రోజుకు హైదరాబాదుకు ఒకసారి పోయి వచ్చే ఏటీఆర్ అనుకుందాం. పోను 78, రాను 78, రోజుకు 156 సీట్లు. ఏడాదికి 56,940. వాటిలో అరవై శాతం నిండాయనుకుంటే 22,776 సీట్లు ఖాళీగా తిరుగుతాయి. పూచీ కింద ఒక్కో ఖాళీ సీటుకు మూడు వేలు కట్టాలనుకుంటే ఏడాదికి 6 కోట్ల 83 లక్షలు. మూడు వేలు నేను ఊహించుకున్న అంకె, బేరంలో తగ్గవచ్చు, పెరగవచ్చు. కానీ కోట్లలోనే ఉంటుంది.

మా మండలంలో సాయంత్రం ఆరు దాటితే నెల్లూరు నుంచి ఊరికి చేర్చే బస్సు దొరకదు. ఆ బస్సు వెయ్యమంటే "గిట్టుబాటు కాదు" అంటారు. బస్సుకు గిట్టుబాటు చూసే లోకం విమానానికి మాత్రం పూచీ పడదామంటే నాకు మింగుడుపడదు. విమానం ఎక్కేవాళ్ళే ఆ డబ్బు వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఇంటిపన్ను జోలికి మాత్రం రావద్దు.

రెక్కలపురుగు

కొండ గారి లెక్కలో ఒక సవరణ. పూచీ సాధారణంగా ఖాళీ సీట్లన్నింటికీ ఉండదు. అరవై శాతం నిండినా సంస్థకు ఖర్చు వచ్చేస్తే లోటే ఉండదు. లోటు అన్నది ఆదాయానికీ ఒప్పుకున్న గీతకూ మధ్య తేడా. ఆ గీతను ఎవరు గీస్తారు, ఇంధనం ధర పెరిగితే అది పైకి జరుగుతుందా, సంస్థ లెక్కలను మన ఆడిటరు చూడవచ్చా అన్న మూడు చోట్లే ఊళ్ళు మునుగుతాయి. ఆయన చివరి మాట మాత్రం సరైనదే, నేను కూడా నగరపాలక సంస్థ డబ్బుకు వ్యతిరేకమే.

అసలు మాట వేళల దగ్గర ఉంది. మన పోటీ ఇంకో విమానాశ్రయంతో కాదు, రైలుతో. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సికింద్రాబాదులో ఉంటాం, హోటలు ఖర్చు కూడా ఉండదు. 2023 ఏప్రిల్ నుంచి సికింద్రాబాదు–తిరుపతి వందే భారత్ ఒంగోలులో, నెల్లూరులో ఆగుతోంది. అదే ఏడాది సెప్టెంబరు నుంచి విజయవాడ–చెన్నై వందే భారత్ కూడా ఉంది. కనుక మధ్యాహ్నం పన్నెండుకు వచ్చి ఒంటిగంటకు పోయే విమానం మన ఊళ్ళో ఎవరికీ అక్కరలేదు. ఉదయం ఏడింటికి ఇక్కడ లేచి, రాత్రి ఎనిమిదింటికి తిరిగి దించితేనే, ఒక్క రోజులో పని ముగించుకుని ఇంట్లో అన్నం తినగలిగితేనే మనిషి రైలు వదిలి విమానం ఎక్కుతాడు. సంస్థలేమో మంచి వేళలను పెద్ద ఊళ్ళకు ఉంచుకుని, మధ్యలో ఖాళీగా ఉన్న విమానాన్ని చిన్న ఊరికి తిప్పుతాయి. అలా చేస్తే సీట్లు నిండవు, నిండలేదని మన పూచీ తింటారు, చివరికి "ఈ ఊళ్ళో గిరాకీ లేదు" అని వెళ్ళిపోతారు. ఒప్పందంలో రూపాయి అంకె కంటే ముందు గడియారం అంకె రాయించాలి.

ట్రావెల్స్ బండి (నెల్లూరు, మాగుంట లేఅవుట్)

నేను పెద్ద చదువు చదువుకోలేదు, తప్పులుంటే మన్నించండి. నాకు రెండు కార్లు ఉన్నాయి. పదహారేళ్ళుగా నెల్లూరు నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకు తిప్పుతున్నాను. విమానం వస్తే నా బండి ఆగిపోతుందని మా ఇంట్లో భయం. ఈ చర్చ చూసి నిన్న రాత్రి నా ట్రిప్పుల పుస్తకం తీశాను.

పోయిన నెల చెన్నై ఎయిర్‌పోర్టుకు మావి పందొమ్మిది ట్రిప్పులు. వాటిలో పదకొండు విదేశాలకు పోయేవాళ్ళవి, ఎక్కువ భాగం పిల్లల దగ్గరికి పోయే అమ్మానాన్నలు, ఊరగాయ డబ్బాలతో సహా. దగదర్తి వచ్చినా వాళ్ళు హైదరాబాదు మీదుగా పోతారో, చెన్నైకే పోతారో చెప్పలేను, ఎందుకంటే పెద్దవాళ్ళు విమానం మారాలంటే జంకుతారు. ఐదు ట్రిప్పులు ఢిల్లీ, ముంబై వాళ్ళవి. హైదరాబాదు విమానం కోసం చెన్నైకి పోయినవాళ్ళు ఒక్కరూ లేరు. మిగిలిన మూడు, వచ్చేవాళ్ళను తేవడానికి పోయినవి.

ఇంకో మాట. వెంకటాచలం, బూదనం, సూళ్ళూరుపేట టోల్‌గేట్లు దాటి రెడ్‌హిల్స్ దాకా నిద్రపోతూ పోవచ్చు. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు దాకానే మనిషి ప్రాణం పోయేది. పోయిన వానాకాలంలో ఒక డాక్టరుగారి విమానం ఆ ట్రాఫిక్‌లోనే తప్పిపోయింది, ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధనిపించింది.

కావలి నుంచి కాన్సస్

ట్రావెల్స్ బండి గారి పుస్తకం మా వైపు కన్సల్టెంట్లు లక్షల డాలర్లు తీసుకుని ఇచ్చే నివేదికకు తీసిపోదు. మన ఊరి మనుషులు ఏ విమానాశ్రయానికి జారిపోతున్నారు, అక్కడి నుంచి ఎక్కడికి పోతున్నారు అన్నదే వాళ్ళూ లెక్క కడతారు.

దీన్ని బట్టి ఒక సూచన. నగదు పూచీ బదులు ముందస్తు టికెట్ల ఖాతా గురించి ఆలోచించండి. మా వైపు కొన్ని ఊళ్ళు ఇలా చేశాయి. కంపెనీలు ఏడాదికి తాము పెట్టే ప్రయాణ ఖర్చులో కొంత భాగాన్ని ఒక ఖాతాలో ముందే వేస్తాయి, కొత్త సంస్థ వచ్చాక తమ మనుషుల టికెట్లు అందులోంచే కొంటాయి. వేసినవాడికి తన డబ్బుకు ప్రయాణం దక్కుతుంది. సంస్థ మధ్యలో మూతపడితే ఖాతాలో మిగిలినది మన దగ్గరే ఉంటుంది. కడపలాగా రెండు సంస్థలు పోయినా మన డబ్బు పోదు.

మైపాడు అల

ఇది నాకు నచ్చింది. ఏమీ దక్కని పూచీకి నా భాగస్వాములు ఒప్పుకోరు, టికెట్లకు ఒప్పుకుంటారు.

చీమకుర్తి నల్లరాయి

ఒంగోలు వాళ్ళకూ ఇదే సులువు. టికెట్లు కొంటున్నామంటే విమానాశ్రయం హక్కు వదులుకున్నట్లు కాదు. ఒక షరతు: హైవే నుంచి టెర్మినల్ దాకా రాత్రిపూట వెలుతురు ఉన్న రోడ్డు ఉండాలి. విదేశీ కొనుగోలుదారుణ్ణి చీకట్లో తుమ్మచెట్ల మధ్య తీసుకురాలేం.

దామవరం రైతుబిడ్డ

ఆ తుమ్మచెట్లు మావే. రోడ్డు వేస్తామంటే కొట్టి ఇస్తాం.

పెన్నాతీరం

రెండు రోజుల చర్చ తరువాత నా ఆలోచన మారింది. పూచీ అన్న మాటను వదిలేస్తున్నాను; బట్టల కొట్టు మిత్రుడికి కూడా ఇదే చెబుతాను. ప్రభుత్వం ఉడాన్ కింద ఇచ్చే లోటు భర్తీ దాని దారిన అది వస్తుంది, 2025 బడ్జెట్‌లో ఆ పథకాన్ని మార్చి మరో 120 గమ్యాలకు విస్తరిస్తామన్నారు కనుక ఆశ ఉంది. ఊరి తరఫున మనం సిద్ధం చేయవలసినది ఒక పట్టిక. ఎవరు, ఏడాదికి ఎన్నిసార్లు, ఎక్కడికి, ఏ వేళకు పోవాలి, అందుకు ఎంత వరకు ఇవ్వగలరు. ఆ పట్టిక చేతిలో ఉంటే వేళల గురించి సంస్థతో గట్టిగా మాట్లాడవచ్చు, పట్టిక ఖాళీగా తేలితే మాట్లాడే పనే ఉండదు.

ముందు మనమే రాద్దాం. గడచిన ఆరు నెలల్లో మీ ప్రయాణాలను ఇక్కడే రాయండి. ఊహించి రాయవద్దు, టికెట్టో డైరీయో చూసి రాయండి. నావి: హైదరాబాదు మూడు, అన్నీ రాత్రి రైలులో. వాటిలో ఉదయం వెళ్ళి రాత్రికి తిరిగి రాగలిగి ఉంటే విమానం ఎక్కేవి రెండు.

మైపాడు అల

హైదరాబాదు ఐదు, బెంగళూరు రెండు, చెన్నై పదికి పైగా. చెన్నైవి లెక్కలో వేయకండి. తక్కిన ఏడింటిలో నాలుగింటికి విమానం ఎక్కేవాణ్ణి, మనిషికి ఐదు వేల వరకు ఇచ్చేవాణ్ణి.

చీమకుర్తి నల్లరాయి

మా ఆఫీసు మొత్తానికి బెంగళూరు ఆరు, హైదరాబాదు నాలుగు, విదేశీ కొనుగోలుదారులను తెచ్చినవి ఏడు. తెచ్చిన ఏడింటిలో ఐదు చెన్నై నుంచి, రెండు గన్నవరం నుంచి.

రెక్కలపురుగు

హైదరాబాదు రెండు, మనవడి పుట్టినరోజుకూ వైద్యుడి దగ్గరికీ. రెండూ వందే భారత్‌లో. నిజం చెబితే నేను కిటికీ పక్కన కూర్చుని కృష్ణ దాటడం చూడటానికే రైలెక్కుతాను.

ఉదయగిరి కొండ

హైదరాబాదుకు రెండు, రెండూ బస్సులోనే. విమానం ఉన్నా బస్సులోనే వెళ్ళేవాణ్ణి, ఆ సంగతి కూడా పట్టికలో రాసుకోండి.